రే చార్ల్స్: సినిమాలో నిజమెంత, ఏ రికార్డులు వినాలి, 'వాట్డ్ ఐ సే' కీబోర్డు మీద ఎలా పట్టాలి

కొత్తచెవి

అమెరికా గాయకుడు, పియానో వాద్యగాడు రే చార్ల్స్ జీవితం మీద తీసిన 'రే' సినిమా (2004) చూశాక మూడు సందేహాలు మిగిలాయి. జార్జియా రాష్ట్రం రే చార్ల్స్‌ని నిజంగానే జీవితాంతం అడుగుపెట్టొద్దందా? చూపు లేని మనిషి ట్రంపెట్లకీ శాక్సోఫోన్లకీ విడివిడిగా నోట్స్ ఎలా రాయించాడు? మూడోది వాయించేవాళ్ల బాధ. ఆయన పాట 'వాట్డ్ ఐ సే' ఎడమచేతి వరసని 61 మెట్ల కీబోర్డు మీద రిథమ్ స్టైల్ పెట్టి పట్టుకుంటే రికార్డులా రావడం లేదు, బరాత్ బ్యాండులా ఉంటోంది. ఎందుకు? పనిలో పనిగా, ఏ రికార్డుతో మొదలుపెట్టి ఏ వరసలో వినాలో కూడా ఎవరైనా రాస్తే మేలు.

పాతరికార్డు

మొదటిదానికి జవాబు ఒక్క మాట: లేదు.

1961 మార్చి 15న జార్జియాలోని అగస్టాలో, బెల్ ఆడిటోరియంలో డాన్స్ కచేరీ పెట్టారు. కింద డాన్స్ చేసే చోటు తెల్లవాళ్లకి, నల్లవాళ్లు పైన బాల్కనీలోంచి చూడాలి. పెయిన్ కాలేజీ విద్యార్థులు ఈ సంగతి రే చెవిన వేశారు. ఆయన వాయించనన్నాడు. కచేరీ పెట్టినాయన ఒప్పందం తప్పాడని కోర్టుకెక్కాడు. 1962 జూన్‌లో 757 డాలర్లు కట్టమని తీర్పొచ్చింది. జరిగింది ఇంతే. నిషేధం లేదు, శాసనసభ తీర్మానమూ లేదు. 1963లో అదే హాల్లో, అందరూ కలిసి కూర్చున్న సభలో వాయించాడు కూడా.

1979 మార్చి 7న జార్జియా శాసనసభలో 'జార్జియా ఆన్ మై మైండ్' పాడాడు. ఏప్రిల్ 24న ఆ పాట రాష్ట్ర గీతమైంది. సినిమా దీన్ని క్షమాపణ సన్నివేశంగా మార్చేసింది. తెర మీద పండుతుంది కాబట్టి మార్చారు, అంతకు మించి కారణం లేదు.

'హిట్ ద రోడ్ జాక్' సంగతీ అంతే. రే, ఆయన వంతగాయని మార్జీ హెండ్రిక్స్ పోట్లాడుకుంటుంటే పాట పుట్టినట్టు చూపించారు. దాన్ని రాసినవాడు పర్సీ మేఫీల్డ్. అతను రాసిచ్చిన పాటని రే తీసుకుని 1961లో నంబర్ వన్ చేశాడు. మార్జీ గొంతు లేకపోతే ఆ రికార్డు సగం బలం పోతుందన్నది మాత్రం నిజం.

ఓరుగల్లు ఆర్గాన్

సినిమా మీద గంత కోపమెందుకన్నా, అసలు విషయాలు కూడా ఉన్నయి అండ్ల.

1930 సెప్టెంబర్ 23న జార్జియాల ఆల్బనీల పుట్టిండు. పెరిగింది ఫ్లోరిడాల గ్రీన్‌విల్ అనే చిన్న ఊర్ల. తమ్ముడు జార్జ్ బట్టలుతికే తొట్టిల మునిగి చనిపోయిండు, అది నిజమే. ఆ తర్వాత చూపు తగ్గుకుంట వచ్చి ఏడేండ్లకు పూర్తిగ పోయింది. గ్లాకోమా అంటరు, మన దగ్గర నీటికాసులంటం. కంట్ల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటది, పోయిన చూపు మళ్ల రాదు. తల్లి ఆయనతోని అన్ని పనులు చేయించింది, చూపు లేదని ఏ పనీ ఆపలే. పెద్దయినంక కూడా చేతికర్ర పట్టలే, దారి చూపే కుక్కను పెట్టుకోలే.

పియానో మొదట నేర్పింది వైలీ పిట్‌మన్. ఊర్ల రెడ్ వింగ్ కేఫ్ ఆయనదే. అక్కడి పాత పియానో మీద బూగీ వూగీ అనే పియానో బాణీ వాయిస్తుంటే పిల్లగాడు పక్కన నిలబడేటోడు, ఆయన వేలు పట్టి చూపించేటోడు.

సినిమాల సరిగ చెప్పంది టాంపా ముచ్చట. 1945ల తల్లి పోయినంక జాక్సన్‌విల్, ఒర్లాండో, టాంపా తిరిగిండు. టాంపాల ఫ్లోరిడా ప్లేబాయ్స్ అనే తెల్లవాళ్ల కంట్రీ (అమెరికా పల్లెపాటల) బ్యాండుల పియానో వాయించిండు. 1962ల కంట్రీ పాటల ఆల్బమ్ తీస్తే అందరు నోరెళ్లబెట్టిన్రు గని, ఆ సంగీతం ఆయన చేతులల్ల అప్పటికే ఉంది. 1948ల ఫ్లోరిడా నుంచి దేశం ఆ చివర ఉన్న సియాటిల్‌కు పోయిండు. సంగీతకారుడు క్విన్సీ జోన్స్ దోస్తీ అక్కడనే. బాక్సర్ షుగర్ రే రాబిన్సన్ పేరుతోని కలగాపులగం కావద్దని రాబిన్సన్ అనే ఇంటిపేరు కూడా వదిలిపెట్టిండు.

చుక్కలలిపి

రెండో ప్రశ్నకి మూలం సెయింట్ ఆగస్టీన్‌లోని ఫ్లోరిడా బధిరాంధుల పాఠశాలలో ఉంది. 1937 నుంచి 1945 దాకా అక్కడే చదివాడు. అక్కడా నల్లపిల్లలు ఒక పక్క, తెల్లపిల్లలు ఒక పక్క. ఆ బడిలోనే బ్రెయిలీ సంగీతలిపి నేర్చుకున్నాడు. బాక్, మొజార్ట్, బీథోవెన్ చేతికొచ్చింది ఇలాగే.

ఆ లిపి ఎలా ఉంటుందో తెలిస్తే ఆయన జ్ఞాపకశక్తి అద్భుతం కాదనీ, తర్ఫీదనీ అర్థమవుతుంది. ఒక గడిలో ఆరు చుక్కలు. ఎడమ నిలువు వరస 1, 2, 3. కుడి నిలువు వరస 4, 5, 6. పై నాలుగు చుక్కలు (1, 2, 4, 5) స్వరం పేరు చెబుతాయి, కింది రెండూ (3, 6) దాని నిడివి చెబుతాయి. 'సి' స్వరం 1-4-5. ఇలాగే వదిలేస్తే ఎనిమిదో వంతు నోటు. 6 కలిపితే పావు నోటు, 3 కలిపితే అర నోటు, 3, 6 రెండూ కలిపితే పూర్తి నోటు. మిగతా స్వరాలు: డి 1-5, ఇ 1-2-4, ఎఫ్ 1-2-4-5, జి 1-2-5, ఎ 2-4, బి 2-4-5.

ఇక్కడ కొత్తవాళ్లు రెండుచోట్ల పడిపోతారు. పదహారో వంతు నోటుకీ పూర్తి నోటుకీ గుర్తు ఒకటే, ఆ గతిలో (బార్‌లో) ఎన్ని పడుతున్నాయో లెక్కేసి ఏదో తేల్చుకోవాలి. రెండోది స్థాయి (ఆక్టేవ్) గుర్తు. పక్క స్వరానికో మూడో స్వరానికో వెళితే గుర్తు పెట్టరు. ఆరు స్వరాలు లేదా అంతకన్నా దూకితే తప్పక పెడతారు. నాలుగో అయిదో అయితే స్థాయి మారినప్పుడే పెడతారు. ఈ నియమం మర్చిపోతే రాగం ఉన్నట్టుండి ఒక స్థాయి కిందికి జారిపోతుంది.

అసలు చిక్కు ఏమిటంటే, చదవడానికీ వాయించడానికీ ఉన్నవి అవే చేతులు. కుడిచేత్తో చదువుతూ ఎడమచేతి భాగాన్ని కొన్ని గతులు పట్టాలి. తర్వాత ఎడమచేత్తో చదువుతూ కుడిచేతి భాగం పట్టాలి. ఆపైన కాగితం పక్కన పెట్టి రెండూ కలపాలి. అంటే కంఠస్థం కానిదే ఒక్క గతి కూడా రెండు చేతులా వాయించలేరు. చూపున్నవాళ్లు ముందు వాయించి ఎప్పటికో కంఠస్థం చేస్తారు, బ్రెయిలీ వాళ్లు ముందు కంఠస్థం చేసి ఆ తర్వాతే వాయిస్తారు. ఎనిమిదేళ్లు ఇలా గడిపినవాడికి బ్యాండు మొత్తం తలలో పట్టడం వింత కాదు.

మనవాళ్లలో నేర్చుకోవాలనుకునేవాళ్లకి ఒక మాట: తెలుగు చదువుకి భారతి బ్రెయిలీ అక్షరాలు వేరుగా ఉంటాయి కానీ సంగీతలిపి దేశానికొకటి లేదు. పైన రాసిన చుక్కలే అన్నిచోట్లా.

ఇత్తడి సన్నాయి

బ్యాండుకి రాయించే పద్ధతి చెప్పుకుందాం. బ్రెయిలీలో రాస్తే చూపున్న వాద్యగాళ్లకి పనికిరాదు. అందుకని ఆయన నోటితో చెప్పేవాడు, పక్కనున్నవాళ్లు మామూలు లిపిలో రాసేవాళ్లు. 'ఫలానా గతి, రెండో ట్రంపెట్, ఇన్ని మాత్రలు ఈ స్వరం' అన్నట్టు ఒక్కో వాయిద్యం భాగాన్ని పలకాలి. బ్యాండు దర్శకుడిగా ఉన్న హ్యాంక్ క్రాఫర్డ్ ఆ పనిలోనే అమరిక (అరేంజ్‌మెంట్) నేర్చుకుని తర్వాత సొంత పేరు తెచ్చుకున్నాడు.

దీంట్లో తప్పు జరిగే చోటు ఒకటుంది. పియానో మీద 'సి' అంటే 'సి'యే. ట్రంపెట్ వాడి కాగితం మీద అదే శబ్దానికి ఒక పూర్తి స్వరం పైకి రాయాలి. ఆల్టో శాక్సోఫోన్‌కి మేజర్ ఆరో స్వరం పైకి రాయాలి. టెనర్‌కి ఒక స్థాయి మీద ఒక స్వరం, బారిటోన్‌కి ఒక స్థాయి మీద ఆరో స్వరం. 'వాట్డ్ ఐ సే' శ్రుతి 'ఇ'. కాబట్టి ట్రంపెట్ కాగితం మీద ఎఫ్ షార్ప్, ఆల్టో కాగితం మీద సి షార్ప్ వస్తాయి. షార్పులు ఆరు, ఏడు. మామూలుగా ఇత్తడి వాద్యగాళ్లు ఈ శ్రుతి చూస్తే మొహం చిట్లిస్తారు, బి ఫ్లాట్‌లోనో ఎఫ్‌లోనో పెట్టమంటారు. చెప్పేవాడు, రాసేవాడు ఇద్దరూ శబ్దం పేరే వాడుతున్నారా, కాగితం పేరే వాడుతున్నారా అని ముందే అనుకోకపోతే మొదటి రిహార్సల్‌లోనే ట్రంపెట్లు ఒక స్వరం కింద మోగుతాయి.

1950లలో ఆయన చిన్న బ్యాండు ఏడుగురిది: రెండు ట్రంపెట్లు, రెండు శాక్సోఫోన్లు, బాస్, డ్రమ్స్, పియానో మీద తను. నాలుగే గాలి వాయిద్యాలతో అంత నిండుగా వినిపించడానికి కారణం, నాలుగూ దగ్గర దగ్గర స్వరాల్లో ఒకే ఊపిరితో పలకడం. టెనర్ మీద డేవిడ్ న్యూమన్ సోలోలు వినండి, పాడినట్టే ఉంటాయి.

పాతరికార్డు

సోల్ సంగీతం (చర్చి బాణీలో లౌకికపు పాట) మాట ఎవరూ ఎత్తలేదు. 1952లో అట్లాంటిక్ కంపెనీ 2,500 డాలర్లిచ్చి స్వింగ్ టైమ్ అనే కంపెనీ నుంచి ఆయన ఒప్పందాన్ని కొనుక్కుంది. అప్పటిదాకా ఆయన పాడింది నాట్ కింగ్ కోల్, చార్ల్స్ బ్రౌన్ అనే గాయకుల బాణీ. బాగానే ఉంటుంది, కానీ కళ్లు మూసుకుని వింటే ఎవరు పాడుతున్నారో తేల్చుకోలేం. 1954 నవంబర్ 18న అట్లాంటాలో డబ్ల్యూజీఎస్‌టీ రేడియో స్టూడియోలో 'ఐ గాట్ ఎ వుమన్' రికార్డు చేశాక ఆ సందేహం రాదు. సదరన్ టోన్స్ అనే గాస్పెల్ (నల్లవాళ్ల చర్చి పాటల) బృందం పాటని కారు రేడియోలో విని, ట్రంపెట్ వాద్యగాడు రెనాల్డ్ రిచర్డ్‌తో కలిసి దానికి ప్రేమ పాట కట్టాడు. చర్చి బాణీ, పడకగది మాట. చర్చికి వెళ్లేవాళ్లకే కాదు, బ్లూస్ పాడే బిగ్ బిల్ బ్రూంజీ లాంటివాళ్లకీ ఇది నచ్చలేదు. భద్రాచల రామదాసు కీర్తన వరసలో ఐటమ్ సాంగ్ కడితే మన ఊళ్లో ఏమంటారో ఊహించుకోండి.

వంతగొంతు

పాతరికార్డు గారూ, వరస మార్చడం ఒక్కటే కాదండీ. వంత మార్చాడు. బుర్రకథలో కథకుడు ఒక మాట అనగానే పక్కనున్న ఇద్దరూ అందుకుంటారు చూడండి, గాస్పెల్ సభలో పాస్టరుకీ జనానికీ మధ్య నడిచేదీ అదే. రే ఆ జనం స్థానంలో ఆడగొంతుల్ని పెట్టాడు. కుకీస్ అనే బృందం నుంచి వచ్చినవాళ్లతో 1958లో రేలెట్స్ ఏర్పడ్డారు. మామూలు పాప్ కోరస్ వెనకాల 'ఆ, ఊ' అని మెత్తటి పరుపు పరుస్తుంది. రేలెట్స్ అలా కాదు, మాటకి మాట తగులుకుంటారు.

1956 నాటి 'డ్రౌన్ ఇన్ మై ఓన్ టియర్స్' వినేటప్పుడు తిశ్ర నడక లెక్కపెట్టండి. ఒక్కో దెబ్బకి మూడు, గతికి నాలుగు దెబ్బలు, మొత్తం పన్నెండు. అంత విలంబంలో నడిపితే డ్రమ్మర్ పరిగెత్తాలని చూస్తాడు, గాయకుడు దెబ్బకి ముందే పడాలని చూస్తాడు. రే దెబ్బ దాటాక పడతాడు. మన గాయకులు పాడబోతే చెడేది ఇక్కడే. గమకాలన్నీ వేస్తారు, కానీ సరిగ్గా దెబ్బ మీద వేస్తారు.

సోల్‌ని ఆయన ఒక్కడే కనిపెట్టాడని మాత్రం అనకండి. గాస్పెల్ బృందాలు అంతకుముందు నుంచే అలా పాడుతున్నాయి. ఆయన చేసింది గోడకి తలుపు పెట్టడం.

రీడ్ సుత్తి

ఇక మూడో ప్రశ్న. కొత్తచెవి గారి 'బరాత్ బ్యాండు' రోగానికి కారణం దాదాపు ఖాయంగా ఆటో అకంపనిమెంటే.

స్టైల్ ఆన్ చేస్తే కీబోర్డు ఎడమవైపు మెట్లని కార్డులుగా (ఒకేసారి మోగే స్వరాల గుంపులుగా) చదువుతుంది. ఈ పాటలో ఎడమచెయ్యి కార్డు పట్టదు, ఒక్కో స్వరంగా నడుస్తుంది. దాంతో యంత్రం ప్రతి స్వరాన్నీ కొత్త కార్డనుకుని బాస్‌ని అటూ ఇటూ గెంతిస్తుంది. పైగా స్టైల్‌లో ఉన్న బాస్, మీ ఎడమచెయ్యి రెండూ ఒకే చోట తన్నుకుంటాయి. అకంపనిమెంట్ ఆపండి, డ్రమ్స్ ఒక్కటే ఉంచండి. రాక్, డిస్కో స్టైళ్లు వద్దు. రుంబాకి దగ్గరగా ఉన్నది ఎంచుకోండి. రికార్డులో డ్రమ్మర్ మిల్ట్ టర్నర్ వాయించింది ఆ లాటిన్ నడకే.

తర్వాత టోన్. రికార్డులో ఉన్నది గ్రాండ్ పియానో కాదు, వర్లిట్జర్ ఎలక్ట్రిక్ పియానో. ఊరూరా హాళ్లలో ఉండే పియానోలు శ్రుతి తప్పి ఉంటాయని ఆయన దాన్ని వెంట తిప్పేవాడు. లోపల తీగలుండవు. చిన్న ఉక్కు రీడ్లుంటాయి, సుత్తి వాటిని కొడుతుంది. రీడు పక్కనున్న పలకకీ దానికీ మధ్య విద్యుత్తు మారి శబ్దమవుతుంది. రీడు కొసన సీసపు బొట్టు ఉంటుంది, శ్రుతి చేయాలంటే దాన్ని గీకాలి. గీకితే శ్రుతి పెరుగుతుంది, బొట్టు పెంచితే తగ్గుతుంది. నెమ్మదిగా తాకితే గంటలా మోగుతుంది, గట్టిగా కొడితే మొరుగుతుంది. ఆ మొరుగుడే ఈ పాట ప్రాణం. మరీ బాదితే రీడు అలిసి విరుగుతుంది, అది వేరే సంగతి.

మీ కీబోర్డులో ఇ.పి. (ఎలక్ట్రిక్ పియానో) పేరుతో నాలుగైదు ఉంటాయి. గాజులా మెరిసే 1980ల రకం వద్దు, గుండ్రంగా మోగే రోడ్స్ రకం కూడా వద్దు. కాస్త ముక్కుతో పలికేదాన్ని తీసుకోండి. టచ్ రెస్పాన్స్ (గట్టిగా కొడితే గట్టిగా మోగే సౌకర్యం) ఆన్ ఉండాలి, లేకపోతే మొరుగుడు రాదు. రివర్బ్ తగ్గించండి. సస్టెయిన్ పెడల్ మీంచి కాలు తీసేయండి.

కార్డుల అమరిక పన్నెండు గతులు: ఇ7 నాలుగు, ఎ7 రెండు, ఇ7 రెండు, బి7 ఒకటి, ఎ7 ఒకటి, ఇ7 రెండు. ఎడమచేతి వరసని ఇ మీద ఒక్క గతి పట్టి, అదే ఆకారాన్ని ఎ మీదికీ బి మీదికీ జరపాలి. మెట్రోనోమ్ 60 దగ్గర మొదలెట్టి నాలుగేసి పెంచండి. ఎడమచేయి ఒంటరిగా 24 గతులు తడబడకుండా నడిచేదాకా కుడిచేయి ఒళ్లోనే ఉండాలి.

ఇత్తడి సన్నాయి

ఒక చేర్పు. చాలామంది దీన్ని బ్లూస్ అనగానే ఊగించి, అంటే పొడవు-పొట్టి, పొడవు-పొట్టిగా వాయిస్తారు. పన్నెండు గతుల అమరిక బ్లూస్‌దే కానీ నడక సమానం. చతురశ్రంలో నాలుగూ ఒకే కొలతగా పడాలి. ఊగిస్తే కింద రుంబా డ్రమ్స్‌తో గొడవ పడుతుంది.

చరణాల్లో ఇంకో మెలిక ఉంది. మొదటి నాలుగు గతుల్లో బ్యాండు నడవదు. ఒక దెబ్బ కొట్టి ఆగుతుంది, ఆ ఖాళీలో గొంతు ఒంటరిగా వస్తుంది. అయిదో గతిలో అందరూ కలిసి ఎ7 మీద దిగాలి. రెండు చేతులూ ఆపి మళ్లీ అందుకోవడం ఇక్కడే కుదరదు. ఆగిన నాలుగు గతులూ కాలితో లెక్కపెట్టండి.

పాతరికార్డు

ఆ పాట పుట్టుక కూడా పనికొచ్చేదే. 1958 డిసెంబర్‌లో పెన్సిల్వేనియాలోని బ్రౌన్స్‌విల్‌లో డాన్స్ కచేరీ. పాటలన్నీ అయిపోయాయి, సమయం మిగిలింది. ఒక వరస మొదలెట్టి బ్యాండునీ రేలెట్స్‌నీ అందుకోమన్నాడు. 1959 ఫిబ్రవరి 18న న్యూయార్క్‌లో రికార్డు చేశారు. ఇంజనీరు టామ్ డౌడ్ దగ్గర ఎనిమిది ట్రాకుల ఆంపెక్స్ యంత్రం ఉండేది, అప్పట్లో చాలా స్టూడియోలకి రెండో మూడో ట్రాకులే. ఏడు నిమిషాలు దాటినదాన్ని కత్తిరించి ఆరున్నరకి తెచ్చి, రెండు ముక్కలు చేసి ఒకే రికార్డుకి రెండు వైపులా వేశారు. మధ్యలో పాట ఆగిపోయినట్టు ఆగి, బ్యాండువాళ్లు గొణిగితే మళ్లీ మొదలవుతుంది చూడండి, ఆ అతుకు అక్కడే. మూలుగులు ఎక్కువయ్యాయని కొన్ని రేడియోలు వేయలేదు. అయినా ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) పట్టికలో నంబర్ వన్, పాప్ పట్టికలో 6.

అదే ఏడాది నవంబర్‌లో అట్లాంటిక్ వదిలి ఏబీసీ-పారామౌంట్‌కి వెళ్లాడు. ఏటా 50,000 డాలర్ల అడ్వాన్సు హామీ, ఎక్కువ రాయల్టీ, కొన్నాళ్లకి మాస్టర్ టేపులు (అసలు రికార్డింగులు) ఆయనకే చెందడం. మూడోదే అసలు బేరం. మాస్టర్ ఎవరిదైతే ఆ పాట మళ్లీ అచ్చేసినా, సినిమాలో వాడినా డబ్బు వాళ్లకే. పాడినవాడికి రాయల్టీ మాత్రమే ఇవ్వడం ఆనవాయితీ. 29 ఏళ్ల వయసులో, ఆ రోజుల్లో, నల్లవాడు ఇది అడిగి రాయించుకున్నాడు. ఆయన్ని జీనియస్ అనడానికి పాటలు చాలు, నాకైతే ఈ కాగితం కూడా లెక్కలోకే వస్తుంది.

ఓరుగల్లు ఆర్గాన్

పైసల ముచ్చట వచ్చింది కాబట్టి. సినిమాల జీతం అంతా ఒక్క డాలర్ నోట్లల్ల ఇయ్యమంటడు, గుర్తుందా? అమెరికాల నోట్లన్నీ ఒక్కటే సైజు, 156 × 66 మిల్లీమీటర్లు. ఒకటేందో వందేందో తడిమి చెప్పలేరు. మన కొత్త నోట్లు పొడుగుల తేడా: పది 123, వంద 142, అయిదువందలు 150 మిల్లీమీటర్లు. వంద మీద ఉబ్బెత్తు త్రికోణం, అయిదువందల మీద గుండ్రం ఉంటయి. పాతబడి అరిగిపోతే ఆ ఉబ్బు తెల్వది, అది చిక్కు.

నిర్వాహకుడు

నోట్ల కొలతలకి వేరే చర్చ తెరవండి. ఇక్కడ పాటలు.

వంతగొంతు

సరేనండీ, 'జార్జియా ఆన్ మై మైండ్'. పాట ఆయనది కాదు. 1930లో హోగీ కార్మైకల్ వరస కట్టాడు, మాటలు స్టువర్ట్ గోరెల్‌వి. రే కారులో ఊరికే కూనిరాగం తీస్తుంటే రికార్డు చెయ్యమని పోరినవాడు డ్రైవర్. 1960లో రాల్ఫ్ బర్న్స్ తీగవాద్యాల అమరికతో వచ్చి నంబర్ వన్ అయింది. ఆ విడత వచ్చిన నాలుగు గ్రామీ అవార్డుల్లో రెండు దీనికే.

వాయించేవాళ్లు మొదటి మూడు కార్డులు గమనించండి. ఆధార కార్డు, మూడో మెట్టు మీద సెవెన్త్, ఆరో మెట్టు మీద మైనర్. జి శ్రుతిలో జి, బి7, ఇ మైనర్. చాలామంది మధ్యలో బి మైనర్ పట్టేస్తారు, మేజర్ శ్రుతిలో సహజంగా వచ్చేది అదే కాబట్టి. అలా పడితే పాట చల్లారిపోతుంది. బి7లో ఉన్న డి షార్ప్ ఇ వైపు లాగుతుంది, ఆ లాగుడు మీదే మొదటి మాట నిలబడుతుంది.

పాతరికార్డు

1962లో 'మోడర్న్ సౌండ్స్ ఇన్ కంట్రీ అండ్ వెస్టర్న్ మ్యూజిక్'. కంపెనీలో వద్దన్నవాళ్లున్నారు, అభిమానులు పోతారని భయం. నిర్మాత సిడ్ ఫెల్లర్ కంట్రీ పాటలు పోగుచేసి టేపుల మీద పంపాడు, రే వాటిలో పన్నెండు ఏరుకున్నాడు. సగం న్యూయార్క్‌లో బిగ్ బ్యాండుతో (అమరిక జెరాల్డ్ విల్సన్, గిల్ ఫుల్లర్), సగం హాలీవుడ్‌లో తీగవాద్యాలు, బృందగానంతో (మార్టీ పేచ్).

డాన్ గిబ్సన్ రాసిన 'ఐ కాంట్ స్టాప్ లవింగ్ యూ' రెండో వైపు చివరి నుంచి రెండోది. మంచి పాటనుకుంటే అక్కడ పెట్టరు. టాబ్ హంటర్ అనే నటుడు దాన్ని కాపీ కొట్టి విడుదల చేశాక కంపెనీ మేలుకుంది. నాలుగు నిమిషాలు దాటిన పాటని కుదించి హడావిడిగా సింగిల్ (విడి పాట రికార్డు) వేశారు. అయిదు వారాలు నంబర్ వన్. ఆల్బమ్ 14 వారాలు.

ఆ పాటలో బృందం ముందు పాడుతుంది, ఆయన వెనక అందుకుంటాడు. వంతగొంతు గారు చెప్పిన వంత ఇక్కడ తలకిందులైంది.

కొత్తచెవి

అందరికీ ధన్యవాదాలండీ. హెరాయిన్ సంగతి సినిమాలో చూపించినట్టేనా? ఆ తర్వాత సంగీతం మారిందా?

పాతరికార్డు

టీనేజీలో మొదలై 1965 దాకా. 1964 అక్టోబర్ చివర బోస్టన్ విమానాశ్రయంలో దొరికాడు. అంతకుముందు అరెస్టుల నుంచి బయటపడినట్టు ఈసారి పడలేదు. 1965లో కచేరీలు ఆపి కాలిఫోర్నియాలోని లిన్‌వుడ్‌లో సెయింట్ ఫ్రాన్సిస్ ఆసుపత్రిలో చేరి మానేశాడు. చదరంగం పట్టుకున్నదీ అక్కడే. కోర్టు జైలు తప్పించి ప్రొబేషన్ ఇచ్చింది.

సంగీతం మారింది, కానీ మత్తు మానేయడం వల్ల అనలేం. లాస్ ఏంజెలెస్‌లో వాషింగ్టన్ బులెవార్డ్ మీద సొంత స్టూడియో కట్టుకుని, మిక్సింగ్ డెస్కు మీటలు తనే జరుపుకుంటూ పనిచేశాడు. ఎదురుచెప్పే నిర్మాత లేడు. 'క్రయింగ్ టైమ్' (1966) గొప్పది. 1972 నాటి 'అమెరికా ద బ్యూటిఫుల్'ని చరణాల వరస మార్చి, మూడో చరణంతో మొదలుపెట్టి పాడటం గొప్పది. మధ్యలో మాత్రం అలవాటు మీద తీసినవి చాలా ఉన్నాయి. 1970ల చివరివి వదిలేసినా నష్టం లేదు, కొట్టినా ఇదే మాట.

చివరి ఆల్బమ్ 'జీనియస్ లవ్స్ కంపెనీ'. 2004 జూన్ 10న పోయాడు, ఆగస్టులో అది వచ్చింది. మొత్తం ఎనిమిది గ్రామీలు గెలిచింది. 'హియర్ వి గో అగైన్'లో జత గొంతు నోరా జోన్స్‌ది, మన రవిశంకర్ గారి కూతురు. గొంతు బాగా సన్నబడింది. ఆ సన్నబడ్డ గొంతుతో వాక్యాన్ని ఎక్కడ తుంచాలో మాత్రం ఆయనకి తెలుసు.

వినే వరస: ముందు 1950ల అట్లాంటిక్ సింగిల్స్ సంకలనం ఏదైనా. తర్వాత 'ద జీనియస్ ఆఫ్ రే చార్ల్స్' (1959), ఒక వైపు బిగ్ బ్యాండు, ఒక వైపు తీగవాద్యాలు. ఆపైన 'మోడర్న్ సౌండ్స్'. పాట దాదాపు లేని వాయిద్యం కావాలంటే 'జీనియస్ + సోల్ = జాజ్' (1961), అందులో ఆయన హమ్మండ్ ఆర్గాన్ వాయించాడు. ప్రత్యక్ష కచేరీకి 1958 న్యూపోర్ట్ జాజ్ ఉత్సవం రికార్డు.

కొత్తచెవి

అకంపనిమెంట్ ఆపితే సగం రోగం కుదిరింది. సమానంగా నడపడం కూడా వస్తోంది. కానీ ముప్ఫై గతులు దాటేసరికి ఎడమ ముంజేయి బిగుసుకుపోతోంది, వరస వెనకబడుతోంది.

రీడ్ సుత్తి

బిగుసుకుంటే వెంటనే ఆపండి, నొప్పి మీద సాధన చేయొద్దు. కారణాలు రెండు ఉంటాయి. ఒకటి, ప్రతి స్వరాన్నీ ఒకే బలంతో కొట్టడం. గతికి మొదటి దెబ్బ మీదే బరువు వేసి మిగతావి సగం బలంతో తాకండి. మొరుగుడు ఒక్కచోట చాలు, అన్నిచోట్లా మొరిగితే వినేవాడికీ అలసటే. రెండు, స్టాండు ఎత్తు. మోచేయి మెట్ల కంటే కిందికి ఉంటే మణికట్టు వంగి ముంజేయి లాగుతుంది. మోచేయి మెట్ల ఎత్తులో, లేదా ఒక అంగుళం పైన ఉండేలా కుర్చీ సర్దండి.

ఇ నుంచి ఎకి జరిగేటప్పుడు వేళ్ల వరస మార్చకండి, చెయ్యి మొత్తం ఎత్తి పెట్టండి. ఒక్కో వేలు సాగదీసి అందుకుంటే పదో గతికే వెనకబడతారు. 12 గతులు వాయించి 12 గతులు ఊరికే కాలితో తాళం వేయండి. వారంలో 24, 12 చేయండి. 72 దగ్గర తేలిగ్గా నడిచాకే వేగం పెంచండి.